ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ

చిన్న తిరుపతి కొండకి, అదే ద్వారకా తిరుమలకి, చిన్నప్పట్నుంచీ ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. భీమడోలులో బస్సు దిగడం, ఇంకో బస్సెక్కడం, వరసలో గంటసేపు నిలబడడం, వెనకవాళ్ళు తోస్తుంటే అరనిమిషం దణ్ణం పెట్టుకోవడం, పులిహోర పొట్లం. ఆ అరనిమిషంలో నేనెప్పుడూ ఒక్క స్వామినే చూశాను. లోపల ఇద్దరున్నార్రా అని మా నాయనమ్మ చెబుతూనే ఉండేది, నేను చెవిన పెట్టలేదు. ఈ వృత్తిలోకి వచ్చాక, ముప్పై దాటాక, ఒక వానాకాలం మధ్యాహ్నం జనం పల్చగా ఉన్నప్పుడు నింపాదిగా చూశాను.

ఒకే విమానం కింద రెండు మూర్తులు. ఒకటి స్వయంభువు. ద్వారక మహర్షి తపస్సుకి మెచ్చి పుట్టలో వెలిసిందని స్థలపురాణం. పైభాగమే కనిపిస్తుంది, కింది సగం పుట్టలోనే ఉందంటారు. మరి పాదపూజ ఎలా? అందుకని పాదాలతో సహా నిలువెత్తు మూర్తిని రామానుజులవారు ప్రతిష్ఠించారని చెబుతారు. సగమే ఉందని మొదటి మూర్తిని తవ్వి తీయలేదు, పక్కకి జరపలేదు, దానికొక తోడు తెచ్చారు. ఇద్దరున్నారు కాబట్టి ఏడాదికి కల్యాణాలూ రెండు, వైశాఖంలో ఒకటి, ఆశ్వయుజంలో ఒకటి. ఇంకో సంగతి. ఈ స్వామికి అభిషేకం చెయ్యరు. నీటిబొట్టు పడినా కింద ఉన్న ఎర్రచీమలు చెదురుతాయని.

నేను అంత గట్టి భక్తుణ్ణి కాను. కానీ నా పని గురించి ఏ వర్క్‌షాపులోనూ వినని రెండు ముక్కలు ఆ రోజు అక్కడ దొరికాయి. దేని పక్కన దేన్ని పెడితే రెండూ నిండుతాయో కనిపెట్టడం ఒకటి. ఆ వస్తువుకి ఏది పడదో తెలుసుకుని మన ముచ్చట మానుకోవడం రెండోది. సొంతంగా క్యూరేటర్ పని చేద్దామనుకుంటున్నవాళ్ళకి ఈ అధ్యాయంలో నేను చెప్పేదంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

ఏ గ్రౌండండీ?

ఏలూరులో ఎవరితోనైనా "నేను క్యూరేటర్నండి" అంటే వెంటనే వచ్చే ప్రశ్న "ఏ గ్రౌండండీ?" అని. క్రికెట్ పిచ్ తయారుచేసేవాణ్ణనుకుంటారు. విశాఖ మ్యాచ్‌కి రెండు టిక్కెట్లు చూడమని అడిగినవాళ్ళూ ఉన్నారు. మొదట్లో ఉడుక్కునేవాణ్ణి. ఇప్పుడు సర్దుకున్నాను, ఎందుకంటే పోలిక మరీ దూరమేం కాదు. ఆయనా ఆట ఆడడు, నేనూ బొమ్మ వెయ్యను. మ్యాచ్ బాగా జరిగితే ఆయన్ని ఎవరూ తలుచుకోరు, చెడితే మాత్రం మొదటి తిట్టు ఆయనకే.

మ్యూజియం క్యూరేటర్‌కి కుర్చీ ఉంటుంది, జీతం ఉంటుంది, బీరువాల నిండా వస్తువులుంటాయి. గ్యాలరీ యజమానికి కొట్టు ఉంటుంది, అమ్మకం ఉంటుంది. స్వతంత్ర క్యూరేటర్‌కి గోడ లేదు, బొమ్మ లేదు, డబ్బు లేదు. మూడూ అరువే. మన సొంతం అనదగ్గవి చూపు, నోటిమాట, ఒక నోటుపుస్తకం.

ఈ కుర్చీ లేని ఉద్యోగానికి ఆద్యుడిగా చాలామంది చెప్పుకునే పేరు హెరాల్డ్ జీమన్. స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో కున్‌స్ట్‌హాల్లె అనే ప్రదర్శనశాలకి డైరెక్టరు. 1969లో ఆయన పెట్టిన 'వెన్ ఆటిట్యూడ్స్ బికమ్ ఫార్మ్' ప్రదర్శన మీద ఊరంతా దుమారం లేచింది. ఉద్యోగం వదిలేసి సొంతంగా పనిచేయడం మొదలుపెట్టాడు. 1972లో జర్మనీలోని కాసెల్లో డాక్యుమెంటా లాంటి మహా ప్రదర్శనని నడిపాడు. నాకు నచ్చేది మాత్రం ఆ తరవాతి కథ. 1974లో బెర్న్‌కి తిరిగొచ్చి ఒక అపార్ట్‌మెంటులో తన తాతగారి సామాన్లతో ప్రదర్శన పెట్టాడు. తాతగారు క్షురకుడు, జుట్టు అలంకరణలో నిపుణుడు. ఆయన పనిముట్లు, ఇంటి సామాను, కాగితాలు. అంతే సరుకు. ప్రపంచంలో ఏ కళాకారుణ్ణయినా పిలిపించుకోగలిగిన మనిషి తాత పెట్టె తెరిచాడు.

హాన్స్ ఉల్‌రిష్ ఓబ్రిస్ట్ 1991లో తన మొదటి ప్రదర్శన వంటింట్లో పెట్టాడు. మూడు నెలలకి వచ్చినవాళ్ళు 29 మంది. మన ఇళ్ళల్లో సత్యనారాయణ వ్రతానికి అంతకంటే ఎక్కువమంది వస్తారు. ఆయన తరవాత ఎంతవాడయ్యాడో చెప్పడానికి ఈ ముచ్చట తేలేదు. హైదరాబాదులో గ్యాలరీ దొరికేదాకా ఆగుదామనుకుంటున్న మీ కోసం తెచ్చాను.

మనవాళ్ళ సంగతికొస్తే, బెంగుళూరులో జాక్‌ఫ్రూట్ రీసెర్చ్ అండ్ డిజైన్ సంస్థని నడిపే అన్నపూర్ణ గరిమెళ్ళ చేసిన పనిని గమనించండి. ఇంటిపేరు చూస్తే మన నేలదే. 2010–11లో గుర్గావ్‌లోని దేవి ఆర్ట్ ఫౌండేషన్‌లో 'వెర్నాక్యులర్, ఇన్ ది కాంటెంపరరీ' అనే ప్రదర్శన చేశారు. జానపదం, సంప్రదాయం అని మనం వేరే గదిలో కూర్చోబెట్టేవాళ్ళని నేటి కళాకారులుగా నిలబెట్టడం అందులోని పట్టుదల. ఏలూరులో పెరిగినవాణ్ణి కాబట్టి ఇది నాకు సూటిగా తగిలింది. 1851 నాటి లండన్ మహాప్రదర్శనకి మన ఏలూరు తివాచీలు వెళ్ళాయి. ఇవాళ అదే మగ్గం ముందు కూర్చున్న మనిషిని హస్తకళల స్టాల్లో తప్ప ఇంకెక్కడా ఊహించుకోలేకపోతున్నామంటే లోపం మగ్గంలో లేదు.

ట్రంకు పెట్టె

మొదటి పని చూడడం. దీనికి ఫీజు రాదు, ఎవరూ ఫోటో తియ్యరు. అందుకే చాలామంది దీన్ని దాటేసి హాలు బుకింగుకి పోతారు.

మన జిల్లాల్లో బొమ్మలు ఎక్కువగా రిటైరైన డ్రాయింగు మాస్టార్ల అటకల మీదా, మంచాల కిందా ఉంటాయి. జిల్లా పరిషత్తు హైస్కూల్లో ముప్పయ్యేళ్ళు పిల్లలచేత మామిడికాయా పూలకుండీ వేయించి, సెలవుల్లో తమ కోసం తాము వేసుకున్నవి. అలాంటాయన ఒకరు కైకలూరు వైపు ఉన్నారని నాకు ఫ్రేములు కట్టే కుర్రాడు చెప్పాడు. (ఫ్రేములు కట్టేవాళ్ళతో స్నేహం చెయ్యండి. ఊళ్ళో ఎవరు బొమ్మలు వేస్తారో వాళ్ళకి తెలిసినంత అకాడమీలకి తెలియదు.)

మాస్టారు మంచం కింద నుంచి రేకు ట్రంకు పెట్టె లాగారు. మూత తియ్యగానే కలరా ఉండల వాసన. పైన శుభలేఖలు, ఎల్లైసీ కాగితాలు. వాటి కింద నీటిరంగుల బొమ్మలు, ఒక్కోదానికీ మధ్య ఒక దినపత్రిక ఠావు. జాగ్రత్త అనుకుని ఆయన చేసిన పనే బొమ్మలకి చేటు తెచ్చింది. న్యూస్‌ప్రింటులోని ఆమ్లం పక్క కాగితంలోకి దిగుతుంది. తెల్లగా వదిలిన మబ్బులన్నీ టీ రంగుకి తిరిగాయి. ఒక బొమ్మలో నీళ్ళ మీద, తిరగేసిన అక్షరాలతో, ఒక సినిమా ప్రకటన మసగ్గా అచ్చుపడి ఉంది. మాస్టారు దాన్ని వెలుగులో పెట్టి చూసి, "ఈ హీరో ఎప్పుడు దిగాడోయ్ నా కొల్లేట్లోకి?" అన్నారు.

దాదాపు అన్నీ కొల్లేరు బొమ్మలే. తాటిదోనెలు, కిక్కిస దుబ్బులు, లంక గ్రామాల పూరిళ్ళు, చేపల మావులు ఎత్తుతున్న మనుషులు, నీరు తీసిన ఎండాకాలంలో బీటలిచ్చిన అడుగు. 1970ల చివర మొదలుపెట్టి పాతికేళ్ళు వేశారు. నూటనలభై పైచిలుకు. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమన్నారు, 2002లో చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఇంత జరిగిన సరస్సు మీద వేసిన ఇన్ని బొమ్మల్లో ఒక్క చెరువు గట్టూ లేదు. ఎందుకని అడిగాను.

"గట్టుకి రంగేముందోయ్, అదంతా గీతేగా. నీళ్ళు వేసేవాణ్ణి నేను."

ఈ మాట నోటుపుస్తకంలో రాసుకున్నాను. నా పద్ధతి ఇది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఫోన్ బయటికి తియ్యను. బొమ్మకొక వాక్యం చొప్పున రాసుకుంటాను, మనిషి అన్న మాట అన్నట్టే రాసుకుంటాను. రెండోసారి టేపు, స్కేలు తీసుకెళ్ళి కొలతలు, కాగితం రకం, సంతకం, తేదీ, మరకలు, చిరుగులు, వెనకవైపు రాతలు, అన్నిటికీ ఫోటోలు. ఎంపిక మూడోసారే. ఈ మూడిటికీ మధ్య కనీసం వారం తేడా ఉండాలి. మొదటిరోజు మనసు పారేసుకున్నవాటిలో సగం మూడోసారికి నిలబడవు.

నూటనలభైలోంచి పంతొమ్మిది తీశాను. ఆయనకి అన్నిటికంటే ఇష్టమైన అల్లూరి సీతారామరాజు నిలువెత్తు బొమ్మ ఆ పంతొమ్మిదిలో లేదు. అది ఊళ్ళో అందరూ మెచ్చుకున్న బొమ్మ, స్కూలు వార్షికోత్సవంలో దండ వేసిన బొమ్మ. "ఇది నీళ్ళ ప్రదర్శన మాస్టారూ, ఆయన అడవి మనిషి" అన్నాను. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు ఆయనే చేసి, ఇంకా ఎవరెవరి బొమ్మలున్నాయి అందులో అని అడిగారు. వద్దని చెప్పక తప్పనప్పుడు కారణం ప్రదర్శన వైపు నుంచి చెప్పండి. బొమ్మ బాగాలేదనడం మీ పని కాదు. అబద్ధంగా 'చోటు చాల్లేదండీ' అనడం మాత్రం అసలు పనికిరాదు. ప్రారంభం రోజు ఆయన ఖాళీ గోడ చూస్తారు.

ఆ ఇంకెవరో ఎవరంటే, విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చదివి ఆకివీడు దగ్గర సొంతూరికి వచ్చేసిన ఒక అమ్మాయి. తండ్రి చేపల చెరువులు కౌలుకి చేస్తారు. పక్షులు వాలకుండా చెరువు మీద కట్టే వలలు తెలుసుగా, చిరిగిపోయాక గట్టు మీద పడేస్తారు. వాటిని ఏరుకొచ్చి, చిక్కుకున్న ఈకలు చిక్కుకున్నట్టే ఉంచి, ముక్కకి ముక్క కుట్టి, పద్నాలుగు అడుగుల పరదాలా చేసింది. మాస్టారు దాన్ని నాలుగు వైపుల నుంచీ చూసి నన్ను పక్కకి పిలిచారు. "ఇది బొమ్మేనంటావా?" అని గుసగుస. ఆ అమ్మాయి కూడా ఆయన బొమ్మలు చూసి నన్ను పక్కకి పిలిచింది. "క్యాలెండర్‌లా లేవూ సార్?"

ఇద్దరూ ఒకళ్ళ పని ఒకళ్ళకి నచ్చకపోతే దిగులు పడకండి. ఇద్దరూ మెచ్చుకుంటూ కూర్చుంటే ఆ ప్రదర్శనకి మీ అవసరమేముంది?

ఈ దశలో మీకొక పని చెబుతాను. ఒక ఆదివారం రాజమండ్రి వెళ్ళి దామెర్ల రామారావు చిత్రకళామందిరం చూసిరండి. 1897లో పుట్టి, బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, 1925లో మశూచితో ఇరవై ఎనిమిదో ఏట పోయిన మనిషి. ఆయన వేసినవి ఇవాళ మనం చూడగలుగుతున్నామంటే కుటుంబమూ, వరద వెంకటరత్నం లాంటి మిత్రులూ వాటిని చెదిరిపోనివ్వకుండా పట్టుకున్నందుకే. వాళ్ళెవరికీ క్యూరేటర్ అన్న బిళ్ళ లేదు. అక్కడ మంచి బొమ్మ ఏదని వెతక్కండి. ఏ బొమ్మ పక్కన ఏది ఉంది, మీరైతే ఏది మారుస్తారు, మారిస్తే ఏం పోతుంది, ఇదొక్కటే రాసుకోండి. ఇంకో ఆదివారం ద్వారకా తిరుమలకి దగ్గర్లోనే, కామవరపుకోట దాటాక గుంటుపల్లి గుహలకి వెళ్ళండి. గుండ్రటి చైత్యంలోకి దూరి తల పైకెత్తితే, చెక్క వాసాలూ దూలాలూ అచ్చు దింపినట్టు రాతిలో చెక్కి ఉంటాయి. రాయికి వాసాలతో పనిలేదు. అయినా ఎందుకు చెక్కారో అక్కడే కూర్చుని ఒక పేజీ రాయండి. నేను మూడుసార్లు రాశాను, మూడూ వేరువేరుగా వచ్చాయి.

మూఢంలో హాలు

చోటు దగ్గర అందరూ తెల్లగోడలూ ఏసీ అని కలలు కంటారు. కానీ కొచ్చి బినాలే అన్న పెద్ద కళాప్రదర్శన 2012లో మొదలైంది పాత సుగంధద్రవ్యాల గోదాముల్లో, రేవు పక్క పాడుపడ్డ భవనాల్లో. నేను ద్వారకా తిరుమలలో కల్యాణమండపం పట్టాను. అక్కడ రోజూ జనం ఉంటారు. దర్శనం అయ్యాక బస్సు వచ్చేదాకా వాళ్ళకి చేతిలో లడ్డూ పొట్లం, ఒక గంట సమయం ఉంటాయి. ఇంతకన్నా మంచి ప్రేక్షకులు ఏ మహానగరంలో దొరుకుతారు?

అద్దె సంగతి. ముహూర్తాల రోజుల్లో ఆ ఊళ్ళో మండపం మన చేతికందదు. మూఢం వచ్చిందంటే అన్నీ ఖాళీ. పంచాంగం కొనుక్కోండి, క్యూరేటర్‌కి అంతకన్నా పనికొచ్చే పుస్తకం లేదు. మూఢం రోజులకి మా బేరం పెళ్ళి అద్దెలో నాలుగో వంతుకి తెగింది. అంతా బాగానే ఉంది, ఆ అమ్మాయి వాళ్ళమ్మగారు అడ్డం పడ్డారు. "మూఢంలో ఏ పనీ మొదలెట్టకూడదు బాబూ, పిల్లకి మొదటి ఎగ్జిబిషను" అని. నేను నోరు తెరిచేలోగా మాస్టారు అందుకున్నారు. "మొదలెట్టడం ఏముందమ్మా, మా బొమ్మలు నలభయ్యేళ్ళకి ముందే మొదలయ్యాయి. ఇప్పుడు ఆరబెడుతున్నాం, అంతే." అందుకని మేం రిబ్బను కట్టలేదు, దీపం పెట్టలేదు. పొద్దున తొమ్మిదింటికి తలుపులు తీశాం. ముఖ్య అతిథి లేని ప్రారంభం ఎంత హాయిగా ఉంటుందో ఒకసారి చేసి చూడండి.

యజమాని షరతు ఒకటే, గోడకి మేకు కొట్టకూడదు. పూలదండలు వేలాడదీసే కొక్కేలు పైన వరసగా ఉన్నాయి. వాటి నుంచి గాలానికి కట్టే నైలాను దారంతో ఫ్రేములు దించాం. దారంతో వచ్చే చిక్కు, ఒక్కో ఫ్రేము ఒక్కో ఎత్తులో ఊగుతుంది. ఊరి తాపీమేస్త్రి వచ్చి, నీళ్ళు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం రెండు కొసలూ రెండు గోడలకి పట్టి, నీటిమట్టం చూసి, హాలు చుట్టూ సుద్దగీత గీసిచ్చాడు. లేజర్ పరికరం అద్దె మిగిలింది. మామూలుగా బొమ్మ నడిబొడ్డు నేల నుంచి 145–150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేట్టు కడతారు. మేం 130కి దించాం. చెప్పులు విప్పి వచ్చినవాళ్ళు మండపంలో నిలబడరు, జంఖానా మీద కూర్చుంటారు. కూర్చున్నవాళ్ళ కన్ను ఎక్కడుందో చూడండి, పుస్తకంలో ఏముందో తరవాత చూడొచ్చు.

మా ప్రాంతపు గాలిలో తేమ సంగతి అందరికీ తెలిసిందే. కాగితం మీది బొమ్మకి యాభై శాతం చుట్టుపక్కల తేమ సుఖం. కొల్లేటి పక్కన వానాకాలంలో అది కలలో మాట. చేయగలిగినవి చిన్నచిన్నవి. ఫ్రేముకీ గోడకీ మధ్య గాలాడాలని వెనక నాలుగు మూలలా బెండు ముక్కలు అంటించడం. అద్దం నేరుగా కాగితాన్ని తాకకుండా మధ్యలో అట్ట పెట్టడం. ఎవరెన్ని చెప్పినా ల్యామినేషన్ చేయించకపోవడం. 'పాడవకుండా ల్యామినేట్ చేయించేశామండీ' అని మురిసిపోతూ చూపించిన బొమ్మలు ఎన్ని చూశానో. ఆ ప్లాస్టిక్కు మళ్ళీ ఊడదు.

ఇక వెలుగు. దీని దగ్గర నాకు పెద్ద పరీక్షే వచ్చింది. పద్నాలుగడుగుల వలని మధ్యలో పరదాలా కట్టి, దాని వెనక గోడకి మాస్టారి బొమ్మల్లో ఒకదాన్ని వేలాడదీశాను. తీరం లేని బొమ్మ అది, నాలుగు అంచులకీ నీళ్ళే. ముందు నుంచి దీపం వెయ్యగానే వల నీడ ఆ నీళ్ళ మీద పడింది. గళ్ళుగళ్ళుగా, అచ్చం విమానంలోంచి చూసిన చేపల చెరువుల్లా. మాస్టారు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. చాలాసేపు మాట్లాడలేదు.

"గట్లు పడ్డాయోయ్" అన్నారు చివరికి.

ఆ అమ్మాయి పెద్ద దీపం పెడదామంది, నీడ చిక్కగా రావాలని. నాకూ అదే మోజు. కానీ నీటిరంగులకి 50 లక్స్ దాటిన వెలుగు మంచిది కాదు. తైలవర్ణాలైతే 200 దాకా ఓర్చుకుంటాయి. ప్రదర్శన జరిగే తొమ్మిది రోజులూ పెద్ద దీపం కింద పెడితే ఇప్పటికే టీ రంగుకొచ్చిన ఆకాశం ఇంకాస్త వెలిసిపోతుంది, దాన్ని వెనక్కి తేలేం. పుట్టలో చీమలు గుర్తొచ్చాయి. చిన్న దీపమే ఉంచి, దూరం జరిపి, వలని గోడకి దగ్గరగా తెచ్చాం. నీడ పల్చబడింది, చూడాలంటే కాసేపు నిలబడాలి. కొందరు చూడకుండానే వెళ్ళిపోయారు. పోనివ్వండి.

కాగితం, డబ్బు

ఇక్కడ గొంతు కొంచెం కరుకుగా ఉంటుంది, ఏమనుకోకండి.

నా తొలిరోజుల్లో ఒక నిర్వాహకులు నోటిమాటగా ఒప్పుకుని, రవాణా ఖర్చులు కూడా ఇవ్వకుండా చేతులెత్తేశారు. ముగ్గురు చిత్రకారులకి నా జేబులోంచి కట్టాను. అదే ప్రదర్శనలో గేటు దగ్గర వాళ్ళు కట్టిన ఫ్లెక్సీలో వాళ్ళ ఫోటో లోపల ఉన్న పెద్ద బొమ్మకి మూడింతలుంది. అప్పట్నుంచి ఒక పేజీ ఒప్పందం లేకుండా ట్రంకు పెట్టె మూత కూడా తియ్యను. అందులో ఏముండాలి? ఏయే బొమ్మలు, ఎన్ని రోజులు, తీసుకెళ్ళేదీ తిరిగి చేర్చేదీ ఎవరు, పాడైతే ఎవరు భరిస్తారు, అమ్ముడైతే ఎవరికెంత, ఫోటోలు ఎక్కడ వాడుకోవచ్చు, ఫ్లెక్సీ మీద ఏం ఉంటుంది. చివరిది నవ్వులాటకి రాయలేదు. తెలుగులోనే రాయండి, ఇద్దరూ సంతకం చెయ్యండి. బొమ్మ చేతికందిన రోజున దాని పరిస్థితి రాసి, ఫోటోలతో ఇంకో కాగితం. తిరిగిచ్చేటప్పుడు అదే కాగితం ముందు పెట్టుకుని సరిచూడాలి.

ఫీజు మూడు భాగాలుగా అడగండి. ఒప్పుకున్నప్పుడు ఒకటి, బొమ్మలు వేలాడిన రోజు ఒకటి, తిరిగి చేర్చాక ఒకటి. చిత్రకారుల డబ్బు మీ ఫీజుకి ముందు. బడ్జెట్‌లో మీ పేరు పక్కన సున్నా పెట్టి త్యాగం చెయ్యొద్దు. ఒకసారి ఊరికే చేసిపెట్టినవాడికి రెండోసారి ఎవరూ ఇవ్వరు. బెంగుళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ లాంటి సంస్థలు కళాపరిశోధనకి గ్రాంట్లు ఇస్తాయి. ఢిల్లీలోని ఖోజ్ దక్షిణాసియా యువ క్యూరేటర్లకి శిక్షణ నడిపింది. దరఖాస్తు ఇంగ్లీషులో రాయాలని భయపడి మానేసినవాళ్ళు మన వైపు చాలామంది. తెలుగులో ఆలోచించి రాసుకుని, ఇంగ్లీషు వచ్చిన స్నేహితుడి చేత మార్పించుకోండి. ఆలోచన ఉంటే భాష అప్పు దొరుకుతుంది.

చట్టం ముక్క ఒకటి. బొమ్మ కొన్నవాడికి బొమ్మ వస్తుంది గానీ దాని కాపీరైటు రాదు. ఇంకా పైమాట, అమ్మేశాక కూడా దాన్ని పాడుచెయ్యకూడదని అడిగే హక్కు వేసినవాడికి ఉంటుంది, కాపీరైటు చట్టం 57వ సెక్షను ప్రకారం. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేశారు. ఆయన ఏళ్ళ తరబడి పోరాడితే 2005లో హైకోర్టు, మిగిలిన ముక్కల్ని ఆయనకి అప్పగించి 5 లక్షలు పరిహారం ఇమ్మంది. స్కూలు గోడ మీద మాస్టారు వేసిన బొమ్మకి సున్నం కొట్టే హెడ్మాస్టర్లకి ఈ కేసు చెప్పి చూడండి, బ్రష్షు ఆగుతుంది.

ఆలస్యానికి సిద్ధపడే ఉండండి. అంత పెద్ద కొచ్చి బినాలే కూడా 2022లో డిసెంబరు 12న తెరవాల్సింది, ఆఖరి నిమిషంలో 23కి వాయిదా పడింది. ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చినవాళ్ళు అప్పటికే ఊళ్ళో దిగి ఉన్నారు. మా వల మోసుకొచ్చిన ఆటో భీమడోలు గేటు దగ్గర గంటన్నర ఆగిపోతే నేను ఈ సంగతి తలుచుకునే కాఫీ తాగాను.

బొమ్మల పక్కన పెట్టే రాతల గురించి ఒక్క మాట. తెలుగులో రాయండి, ఎనభై మాటలు దాటకండి, రాశాక పెద్దగా చదివి మండపం వాచ్‌మన్‌కి వినిపించండి. నా మొదటి చిత్తుప్రతిలో 'జలస్మృతుల విస్థాపన' అని ఒక ముక్క ఉంది. వాచ్‌మన్ గారు మర్యాదగా విని, "ఇది మంత్రమాండీ?" అన్నారు. కొట్టేసి, మాస్టారు అన్న గట్టూ గీతా మాటల్ని ఆయన అన్నట్టే పెట్టాను. తొమ్మిది రోజుల్లో జనం ఆగి చదివిన రాత అదొక్కటే.

విప్పడం

ప్రారంభానికి వచ్చే స్నేహితులు విప్పే రోజున కనిపించరు. ఆ రోజుకి ఇద్దరు మనుషుల్ని ముందే కూలికి మాట్లాడుకోండి. వేలాడదీయడానికి మాకు రెండు రోజులు పట్టింది, విప్పడానికి ఒక పూట. తొందరలోనే అద్దాలు పగిలేది, అందుకని విప్పిన వరసలోనే పరిస్థితి కాగితం పట్టుకుని ఒక్కోటీ టిక్కు పెట్టుకుంటూ పోవాలి. మాస్టారు పక్కనే కూర్చుని పద్దెనిమిది లెక్కపెట్టి ఆగారు. పంతొమ్మిదోది వల వెనకాల ఉంది. ఆయనకి తెలుసు, అయినా నాచేత చెప్పించుకున్నారు. బొమ్మల మధ్య పెట్టడానికి ఆమ్లం లేని కాగితం తెప్పించాను. పాత దినపత్రికల్ని ఆయన మడిచి సంచిలో పెట్టుకున్నారు, పారెయ్యనివ్వలేదు.

మూఢం మర్నాటితో పోతోంది. మొదటి పెళ్ళివాళ్ళ డెకరేషన్ కుర్రాళ్ళు బంతిపూల బస్తాలు దించుకుని గుమ్మం దగ్గర కూర్చున్నారు, మేం ఎప్పుడు ఖాళీ చేస్తామా అని. వల మడతపెడుతున్న అమ్మాయిని చూసి ఒకడు, "ఏ చెరువుదండీ?" అని అడిగాడు. ఆమె ఊరి పేరు చెప్పింది. వాడిదీ ఆ పక్క ఊరే.

నేను నిచ్చెనెక్కి కొక్కేలకున్న నైలాను దారాలు కోయబోతుంటే వాడే కింద నుంచి కేకేశాడు.

"కొయ్యకండి సార్! మల్లెదండలు దించుతాం, సరిగ్గా ఒకే మట్టానికి ఉన్నాయి."